నాలుగు మేకల నుదుట ఊదారంగు

అవ్వ నోరు విప్పలేదన్నది శుద్ధ అబద్ధం. భూపాలపల్లిలో జరిగిన సంతాప సభలోనే ఈ మాట చెబుదామని చెయ్యెత్తాను. మైకు నా దాకా రాలేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

వేదిక మీది పెద్దమనిషి ఏమన్నాడంటే, సాయుధ పోరాటం రోజుల్లో మిలిటరీవాళ్ళు తుపాకీ గొట్టం గుండెకు ఆనించినా ఆమె దళం జాడ చెప్పలేదట, పెదవి కదపలేదట, కొండలా నిలబడిందట. జనం చప్పట్లు కొట్టారు. సంతాప సభలో చప్పట్లేమిటో నాకు అర్థం కాదు, అది వేరే సంగతి. ఆయనకు ముందు మాట్లాడినాయనా అదే చెప్పాడు, ఆయనకు ముందాయనా అదే. ముగ్గురిలో ఒక్కరైనా ఆమె పక్కన ఒక పూట కూర్చున్నవాళ్ళు కాదు. కూర్చుని ఉంటే ఆ మాట అనరు.

నేను కూర్చున్నాను. జనగామలో ఒక మిషన్ ఆస్పత్రి ల్యాబులో పనిచేసిన రోజుల్లో ఏడాదికి పైగా ఆమె నోటికి నా చెవులు అప్పగించాను. ఆమె పావుగంట మాట్లాడకుండా ఉండగా చూశామని ఎవరైనా సాక్ష్యం చెబితే నా ఎమ్మెస్సీ పట్టా వాళ్ళ చేతిలో పెడతాను. నిద్రలో మేకలను తిట్టేది. నోట్లో ముద్ద పెట్టుకుని వంటామెను తిట్టేది. అలాంటి మనిషి తుపాకీ ముందు మౌనవ్రతం పట్టిందంటే ఎలా నమ్మను? మాట్లాడే ఉంటుంది. బోలెడు మాట్లాడి ఉంటుంది. అందులో నిజం మాత్రం ఒక్క ముక్క ఉండి ఉండదు.

అవ్వ అబద్ధాలాడేది. అవసరానికి కాదు, అలవాటుగా. బావి ఎటు అని అడిగితే గడ్డం కల్లు దుకాణం వైపు ఎత్తేది. "తిన్నవా అవ్వా" అంటే, తిన్న చెయ్యి కడుక్కుంటూనే, "యాడిది బిడ్డా, నిన్నటి సంది పస్తే" అనేది. పిల్లలెంతమంది అంటే నర్సమ్మకు ముగ్గురని చెప్పింది, డాక్టరుగారికి ఎవ్వరూ లేరని చెప్పింది. పేరు కూడా అంతే. వంటామెకు ఒకటి, నర్సమ్మకు ఒకటి, హాజరు వేసే గుమస్తాకు ఇంకొకటి. నేను నిలదీస్తే, "నీకేది మంచిగనిపిస్తే గది పిలువు, పలుకుత" అంది. సభలో బ్యానరు మీద రాసిన పేరు వీటిలో ఏదీ కాదు. అది మాత్రం అసలుదని గ్యారంటీ ఏముంది? అందుకే నేను అవ్వ అనే రాస్తున్నాను.

ఆ తుపాకీ కథ కూడా ఆమె నోటనే విన్నాను. సిపాయిలు రఘునాథపల్లి గుట్టల్లోకి తోవ అడిగారట. ఈమె ముందు నడిచి తోవ చూపించిందట. నడుస్తున్నంతసేపూ వాళ్ళ తల్లుల క్షేమం అడిగిందట, తన అత్త చేసే రాద్ధాంతం చెప్పిందట, మేక పాలకూ బర్రె పాలకూ తేడా వివరించిందట. చివరికి వాళ్ళు దండం పెట్టి, "అమ్మా, ఇక నువ్వు ఇంటికి పో" అన్నారట. మర్నాటికి నెల్లికుదురు వైపు తేలారట. నెల్లికుదురు ఎక్కడ, రఘునాథపల్లి ఎక్కడ? మ్యాపు తీసి చూపిస్తే, "గప్పుడు దగ్గరుండె" అంది. ఇదే కథ రెండోసారి చెప్పినప్పుడు సిపాయిలు పోయి రజాకార్లు వచ్చారు. మూడోసారి ఎవరూ లేరు, ఊళ్ళ భూములు చూసుకునే గిర్దావరు ఒక్కడే, పాపం అతను నిజంగానే దారి తప్పాడు.

ఆమె మా ఆస్పత్రికి ఎందుకొచ్చిందో చెప్పాలి. మేకల కోసం వచ్చింది. మేకలు యాంటీబాడీ కోసం వచ్చాయి.

మన రక్తంలో సెరులోప్లాస్మిన్ అని ఒక ప్రోటీను ఉంటుంది. ఒంట్లోని రాగిని పట్టుకుని తిరగడం దాని పని. కొంతమందికి పుట్టుకతోనే అది బాగా తక్కువ. వాళ్ళ ఒంట్లో రాగి బయటికి పోక కాలేయంలో, మెదడులో పేరుకుంటుంది. చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది, కంటి నల్లగుడ్డు అంచున గోధుమరంగు వలయం కనిపిస్తుంది. ముందే పసిగడితే మందుంది. ఆలస్యమైతే లేదు. పసిగట్టడానికి ఆ ప్రోటీను ఎంత ఉందో కొలవాలి. కొలవాలంటే దాన్ని మాత్రమే గుర్తుపట్టి పట్టుకునే యాంటీబాడీ కావాలి. ఆ యాంటీబాడీ పై దేశం నుంచి చిన్న సీసాలో ఐసు పెట్టె ఎక్కి వచ్చేది. మా జనగామ స్టేషనులో ఎండన పడి ఉండి, మా చేతికి వచ్చేసరికి రసం లాగా వెచ్చబడి ఉండేది. రెండు సీసాలు అలాగే పోయాయి.

మా డాక్టరుగారు గుంటూరు వైపు మనిషి. మహా మర్యాదస్తుడు, కుర్చీని జరపాలన్నా కుర్చీని అడిగి జరుపుతాడేమో అనిపించేది. "మనమే తయారు చేసుకుందామమ్మా" అన్నాడాయన. హైదరాబాదులో తనతో చదువుకున్న స్నేహితుడి దగ్గర శుద్ధి చేసిన ప్రోటీను చిటికెడు తెచ్చాడు. దాన్ని మేకకు సూదితో ఎక్కిస్తే, మేక ఒళ్ళు అది పరాయిదని కనిపెట్టి, దానిమీదికి యాంటీబాడీ తయారుచేస్తుంది. కొన్ని నెలలు మళ్ళీ మళ్ళీ సూది వేసి, ఆ మేక మెడ నుంచి చిన్న సీసాడు రక్తం తీసుకుంటే చాలు. ఉన్న ప్రోటీను ఒక్క మేకకే సరిపోతుంది. కాబట్టి ఒక్క మేకను కొని, దాన్ని చూసుకోవడానికి అవ్వను పెట్టుకున్నాడు.

అవ్వ మొదటి రోజే, "ఒక్క మేక బతుకది సారూ. ఒంటిగుంటె మేత ముట్టది, ఏడ్సి సస్తది" అంది. ఆయన నమ్మి ఇంకో మూడు కొన్నాడు. అన్నీ ఒకే మందవి, ఒకే గోధుమరంగువి. నాకైతే నాలుగూ ఒక్కలాగే ఉండేవి. అందుకని సూది వేసే మేక నుదుట డాక్టరుగారు పుళ్ళకు పూసే ఊదారంగు మందు ఇంత పూసేవాడు. చివరి సూది వేసిన రోజు కూడా తాజాగా పూశాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు మహబూబాబాద్ దగ్గరి ఒక తండా నుంచి ఒకాయన భార్యనూ కూతుర్నీ తీసుకుని వచ్చాడు. అంతకుముందు వానాకాలం ఆయన కొడుకు మా ఆస్పత్రిలోనే పోయాడు. ముద్ద నోటికి అందనంతగా చేతులు వణికేవి ఆ అబ్బాయికి. కంట్లో వలయం చూసి డాక్టరుగారు జబ్బును గుర్తుపట్టేసరికే కామెర్లు ముదిరిపోయాయి. ఇది తోబుట్టువులకు కూడా ఉండవచ్చు, పిల్లను తీసుకురండి అని అప్పుడే చెప్పి పంపాడు. పిల్లకు పదేళ్ళుంటాయి. జామకాయ కొరుకుతూ వరండాలో ఎగురుతోంది. చూడడానికి ఏ జబ్బూ లేదు. అన్నకు కూడా ఆ వయసులో లేదు.

"వచ్చే సంత దాంక ఉంటం సారూ. మిరపకాయ ఏరుడు షురువైంది. మల్ల వచ్చుడు కాదు" అన్నాడు తండ్రి. ఆ మందు బతికినంతకాలం మింగాల్సిన మందు. దానివల్ల వచ్చే ఇబ్బందులు దానికున్నాయి. ఉందో లేదో తేలకుండా మొదలుపెట్టనని డాక్టరుగారు. హైదరాబాదులో అడిగితే అక్కడా సీసా ఖాళీ, పై నుంచి రావాలన్నారు. ఇక మాకు మిగిలింది మేక.

కొట్టంలోకి వెళ్ళి చూస్తే నాలుగు మేకల నుదుటా ఊదారంగు ఉంది. వాచ్‌మన్ లేగదూడకు ఉంది. కుక్కకు కూడా ఉంది.

"అమ్మా, ఇదేమిటండీ?" అన్నాడు డాక్టరుగారు.

"దిష్టి సారూ" అంది అవ్వ.

"ఎవరు పూశారండీ?"

"ఎవలు పూస్తరు? ఒకదాన్నొకటి రాసుకున్నయి."

"కుక్క కూడా రాసుకున్నదా?" అన్నాన్నేను.

"కుక్కకు పుట్టంగనే ఉన్నది."

సూది వేసిన చోట గడ్డ కడుతుంది కదా అని వాటి ఒళ్ళు తడిమాం. అవ్వ వాటిని రోజంతా తుమ్మల్లో మేపిన ఫలితం, నాలుగింటికీ ముళ్ళు దిగి ఒళ్ళంతా గడ్డలే. డాక్టరుగారు ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆయనకు తెలిసినంత మెత్తదనమంతా గొంతులోకి తెచ్చుకుని, "అమ్మా, మీరు కంగారు పడకండి. ఏ మేకో చెప్పండి చాలు. దానికేమీ కాదు. కాస్త రక్తం తీసుకుని వెంటనే పంపించేస్తాం" అన్నాడు.

అవ్వ నములుతున్న ఆకు నమలడం ఆపేసింది. ఆమె నోరు ఆగడం నేను చూసింది అదొక్కసారే. అది కూడా గుటక మింగేంతసేపు.

"గా మేక సచ్చిపోయింది సారూ" అంది.

"నాలుగూ ఇక్కడే ఉన్నాయి కదమ్మా."

"గది ఐదోది."

డాక్టరుగారు లేచి కళ్ళజోడు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. నేను వెళ్ళలేదు. కొట్టం తలుపు దగ్గరగా వేసి అవ్వ మీద పడ్డాను. ఏం తిట్టానో అన్నీ రాస్తే ఈ పత్రికవాళ్ళు వేసుకోరు. నీ దిష్టీ నువ్వూ అన్నాను. అన్న పోయిన పిల్ల అక్కడ వరండాలో జామకాయ తింటోంది, దానికి కూడా చేతులు వణికితే వచ్చి చూస్తావా అన్నాను. నీ మేకను కోసుకు తినడానికి మాకు వేరే పనిలేదనుకున్నావా అన్నాను. ఆమె కొంగును ముడి వేస్తూ విప్పుతూ చివరిదాకా వింది. నేను దగ్గొచ్చి ఆగితే నీళ్ళ చెంబు ఇచ్చింది.

"బొట్టు ఎందుకు పెట్టిండు సారు?" అంది.

"గుర్తు కోసం."

"గదే. గుర్తు ఎందుకు పెడ్తరో నాకు ఎర్కలేదా? క్యాంపు పడ్డప్పుడు సిపాయిలు పొద్దుమీకి వచ్చి, మందల బలిసిన దానికి సున్నం బొట్టు పెట్టి పోతుండె. తెల్లారి వచ్చి బొట్టున్న దాన్ని తోల్కపోతుండె. మేమేం జేసినం? ఊర్లున్న అన్ని మేకలకు బొట్లు పెట్టినం. లేగలకు పెట్టినం. మా అత్తకు సుత పెట్టిన. ఏది ఏదో తెల్వక మొగం ఏలాడేసుకొని పోయిండ్రు."

"ఇక్కడ సిపాయిలు లేరు అవ్వా. ఆయన డాక్టరు."

"మంచిగ అడిగిండు."

"మంచిగా అడిగితే తప్పా?"

ఆమె దొడ్డిగోడకు ఆనుకుని కూర్చుంది. గొంతు తగ్గించలేదు, కళ్ళు తుడుచుకోలేదు. కల్లు దుకాణం తోవ చెప్పినంత మామూలుగా చెప్పింది.

"మా తమ్మున్ని సుత మంచిగనే అడిగిండ్రు. ఇద్దరొచ్చిండ్రు, తుపాకులు లెవ్వు. 'అక్కా, జర మాట్లాడేదుంది, పొద్దుగూకేటాల్లకు పంపిస్తం' అన్నరు. అక్కా అన్నరు బిడ్డా. నీళ్ళడిగి తాగిండ్రు. నేను చెప్పిన, పశుల కొట్టంల పండిండని. ఇంక పంపలె."

ఇంతకాలంగా ఆమె చెప్పిన కథలన్నింటికీ మూడేసి రూపాలున్నాయి. దీన్ని మాత్రం మళ్ళీ ఎప్పుడూ చెప్పలేదు. కాబట్టి మార్చలేదు.

"పిల్లను చూస్త పా" అని లేచింది.

వరండాలో ఆ పిల్ల పక్కన కూర్చుని తండా మాటలో ఏదో అడిగింది. ఆ రోజుల్లో తండాల్లో తలదాచుకున్నప్పుడు నేర్చుకున్నదట. అది కూడా సరిగా రాదనుకుంటాను, పిల్ల పడీపడీ నవ్వింది. అవ్వ ఆ పిల్ల రెండు చేతులూ ముందుకు చాపించి, వేళ్ళు విప్పించి, చాలాసేపు చూసింది. జామకాయలో సగం కొరికి తిరిగిచ్చింది. కొట్టానికి తిరిగొచ్చాక గడ్డం ఎత్తి చూపించింది.

"గది. చెవు చినిగింది సూడు, గదే."

"నిజమేనా?"

"నువ్వు మొత్తుకుంట అడిగినవు. మొత్తుకునేటోళ్ళు ఎత్కపోరు. గందుకే నీకు చెప్తున్న."

డాక్టరుగారు సంతోషంతో సూది, సీసా సిద్ధం చేశాడు. నేను అడ్డం పడ్డాను. నాలుగు మేకల రక్తమూ తీద్దామన్నాను. సీసా అడుగున మిగిలిన ప్రోటీనుతో కలిపి పెడితే యాంటీబాడీ ఉన్నదేదో తేలిపోతుంది, ఎవర్నీ అడగనక్కర్లేదు.

"పాపం ఆవిడ చెప్పింది కదమ్మా" అన్నాడాయన.

"ఆమె చెప్పింది కాబట్టే సార్" అన్నాను.

నాలుగింటి కాళ్ళకూ నాలుగు రంగుల దారాలు కట్టాం. అవ్వ నన్ను తిట్టిన తిట్లు నా వెనక తరాలను దాటి ముందు తరాలకు పోయాయి. తిడుతూనే ఒక్కొక్క మేక తల ఒళ్ళో పెట్టుకుని మెడ నిమిరింది. "గట్ల పొడుస్తరా, నీ చెయ్యి పాడుగాను, నీ సదువు పాడుగాను" అంటూనే సీసా నిండేదాకా మేకను కదలనివ్వలేదు. రక్తం గడ్డకట్టాక పైకి తేలిన పసుపుపచ్చని సీరం తీసి, అగర్ పలకలో గుంటలు చేసి, మధ్య గుంటలో ప్రోటీను, చుట్టూ నాలుగు గుంటల్లో నాలుగు మేకల సీరం పోశాం. అగర్ అంటే గడ్డకట్టిన గంజిలాంటిది. దానిలో రెండూ మెల్లగా పాకి, ఒకదాన్నొకటి గుర్తుపట్టిన చోట తెల్లని గీత కడుతుంది.

మర్నాడు గీత కనిపించింది. పంచె నుంచి లాగిన పోగు లాగా, సన్నగా, శుభ్రంగా ఉంది. ఎర్ర దారం మేకకు ఎదురుగా ఉంది. చెవి చినిగిన మేకది పచ్చ దారం. దానికెదురుగా ఏమీ లేదు.

ఎర్ర దారం మేక కోసం కొట్టంలో వెతికితే అది అవ్వ మంచం కోడుకు కట్టి ఉంది. తన గంజిలో సగం పోసి సాకేది దాన్ని. పిలిస్తే పలికేది కూడా అదొక్కటే.

డాక్టరుగారికి చెబితే నవ్వేశాడు. నాకు నవ్వు రాలేదు. కానీ పని ఆగలేదు. ఆ మేక సీరమే అగర్‌లో కలిపి పలక పోసి, గుంటల్లో పిల్ల రక్తం, తల్లిదండ్రుల రక్తం, పోల్చి చూడడానికి నా రక్తం పెట్టాం. ప్రోటీను ఎంత ఉంటే గుంట చుట్టూ అంత వెడల్పు వలయం కడుతుంది. నాది చక్కగా పరుచుకుంది. తల్లిదండ్రులవి కాస్త చిన్నవి. పిల్లది గుంట అంచు దాటీ దాటనట్టు ఉంది.

అవ్వ కిటికీలోంచి తొంగి చూసి, "పెద్దగున్నదా, చిన్నగున్నదా?" అంది.

"చిన్నగా."

"చిన్నగుంటె మంచిదా?"

"కాదు. కానీ ఇప్పుడే తెలిసింది."

"నేను చెప్తెనే కదా" అంది అవ్వ. ఆ మాట ఆస్పత్రంతా చెప్పింది. అందరూ నమ్మారు.

సంతకు ముందే పిల్లకు మందు మొదలైంది. తండ్రి మిరప చేలకు ఒక్కడే వెళ్ళాడు. పిల్ల ఇప్పుడు భూపాలపల్లి బస్టాండు దగ్గర బట్టలు కుడుతుంది, ఇద్దరు పిల్లల తల్లి, రోజూ మాత్ర మింగుతుంది. అవ్వ చివరి రోజుల్లో అదే ఊళ్ళో కూతురింట్లో ఉంటే, ఈమే పోయి చూసి వచ్చేది. సభకు రమ్మని నాకు ఫోను చేసింది కూడా ఈమే. "అవ్వ గా దినం మేకను చూపియ్యకుంటే నేను బతికేదాన్ని కాదు అక్కా" అంటుంది. అంటే నేను తల ఊపి ఊరుకుంటాను. ఇలా ఊరుకోవడం నా జీవితంలో ఇంకెవరి దగ్గరా లేదు.

అవ్వను మాత్రం వదల్లేదు. కనిపించినప్పుడల్లా నిలదీశాను. ఒకసారి, "నేను ఎర్రదారందే చూపిచ్చిన, నువ్వే సరిగ సూడలె" అంది. ఇంకోసారి, "నీ సదువు ఎంతున్నదో సూద్దామని గట్ల చెప్పిన" అంది. మరోసారి మేకలు దారాలు కొరికి మార్చుకున్నాయంది.

మొన్న ఎండాకాలం చివరిసారి చూశాను. భూపాలపల్లిలో కూతురింటి వరండాలో మంచం మీద, చేతికర్రంత అయిపోయి ఉంది. చూపు ఆనడం లేదు. నా గొంతు వినగానే కూతురు కాఫీ పాడు చేస్తుందని ఫిర్యాదు చేసింది. ఆమె కాఫీ తాగదు. పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, జబ్బు మనిషి కదా అని మెల్లగా, "అవ్వా, ఆ రోజు మేక సంగతి ఇప్పుడైనా చెప్పవా?" అన్నాను.

అవ్వ చెయ్యి లాక్కుంది. "ఏ మేక?" అంది. గోడవైపు తిరిగి, "మంచిగ అడుగుతున్నవేంది బిడ్డా" అంది.

ఇప్పుడు గట్టిగానే అడుగుతున్నాను. పిల్ల వేళ్ళు విప్పించి చూసి వచ్చాక కూడా, నీ మంచం కోడుకున్న దాన్ని దాచడానికి నాకు అబద్ధం చెప్పావా? లేక అందరికీ బొట్లు పెట్టీ పెట్టీ ఏది ఏదో నీకే తెలియకుండా పోయి, తమ్ముడి తర్వాత మొదటిసారి ఒకరికి నిజం చెబుదామనుకుని, అది తప్పయిందా?